డెబియన్ 11 నుంచి 13కు: గ్రంథాలయ సర్వరు చూసుకునే మేనకోడలికి లేఖ

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. మీ కళాశాల గ్రంథాలయంలో పుస్తకాల లెక్కలు చూసే సాఫ్ట్‌వేరు కోహా నడిచే సర్వరు ఇంకా డెబియన్ అన్న లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ 11వ వెర్షను మీదే ఉందనీ, సెలవుల్లో దానిని నేరుగా 13కు తీసుకువెళ్లాలని ఉందనీ రాశావు. మార్చాలన్న నిర్ణయం సరైనదే. 2021 ఆగస్టు 14న విడుదలైన ఆ వెర్షనుకు దీర్ఘకాల మద్దతు 2026 ఆగస్టు 31తో ముగుస్తుంది. ఆ పైన భద్రతా సవరణలు అందని యంత్రంలో విద్యార్థుల చిరునామాలూ ఫోను నంబర్లూ పెట్టుకుని నెట్‌వర్కులో ఉంచడం తగదు. అయితే నేరుగా మాత్రం వద్దు. డెబియన్‌లో ఒక వెర్షను నుంచి దాని తరువాతి వెర్షనుకు వెళ్లడానికే మద్దతు ఉంటుంది కాబట్టి, ముందు 2023 జూన్ 10న వచ్చిన 12కు వెళ్లి, అక్కడ అంతా సవ్యంగా నడుస్తోందని చూసుకుని, ఆ తరువాతే 2025 ఆగస్టు 9న వచ్చిన 13కు వెళ్లాలి. రెండూ ఒకే రోజు పెట్టుకోకు. నడుమ వారం రోజులైనా 12 మీద పుస్తకాల ఇచ్చిపుచ్చుకోవడం జరగనీ. ఏదైనా చెడితే ఏ మెట్టు మీద చెడిందో అప్పుడే తెలుస్తుంది.

అప్‌గ్రేడ్ కమాండ్లు నేర్చుకోవడం తలకు మించిన పనేమీ కాదు. అవి నాలుగైదు, విడుదల గమనికల్లో వరుసగా ఉన్నాయి. శ్రమ అంతా వాటికి ముందు ఉంది. డెబియన్ వారు తమ ప్యాకేజీలన్నీ (ఎక్కించేందుకు సిద్ధంగా కట్టిన సాఫ్ట్‌వేర్లు) ఒకదానితో ఒకటి పొసిగేలా సుమారు రెండేళ్లు సరిచూసి గాని కొత్త వెర్షను విడుదల చేయరు. అందువల్ల అప్‌గ్రేడ్‌లో తెగిపోయేది చాలావరకు మనం బయటినుంచి తెచ్చి అతికించినదే అయి ఉంటుంది. ఒక కాగితం తీసుకుని, ఈ యంత్రంలో డెబియన్ ఇవ్వనిది ఏమేమి ఉందో రాయి: కోహా రిపాజిటరీ (ప్యాకేజీలు దించుకునే ఆన్‌లైన్ నిల్వ) నుంచి వచ్చిన ప్యాకేజీలు, పిప్‌తో ఎక్కించిన పైథాన్ లైబ్రరీలు, క్రాన్‌లో రాత్రిపూట నడిచే స్క్రిప్టులు, సెట్టింగు ఫైళ్లుండే ఈటీసీ డైరెక్టరీలో చేత్తో మార్చిన ఫైళ్లు, యూఎస్‌ఆర్ లోకల్‌లోనూ ఆప్ట్ (opt) పేరిట ఉన్న డైరెక్టరీలోనూ ఎవరో వదిలి వెళ్లిన సరుకు. డెబియన్ మూలం కాని ప్యాకేజీలను జాబితా వేయించే కమాండు కూడా విడుదల గమనికల్లోనే ఉంది. నీకు ముందు పనిచేసినవారు ఏమేమి పెట్టి వెళ్లారో నీకు తెలియదు గనుక ఈ కాగితానికి ఒక పూట పూర్తిగా కేటాయించు.

కాగితంలో మొదటి పేరు కోహా. డెబియన్ మారినప్పుడల్లా దాని కింద పెర్ల్ భాష మారుతుంది (11లో 5.32, 12లో 5.36, 13లో 5.40), మరియాడీబీ డేటాబేస్ మారుతుంది (10.5, 10.11, 11.8). కోహా ప్రతి విడుదల గమనికలోనూ అది ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీద, ఏ డేటాబేస్ మీద పరీక్షించబడిందో రాస్తారు. నీ దగ్గరున్న కోహా వెర్షను గమనికలో డెబియన్ 12 లేకపోతే, 11, 12 రెండూ ఉన్న వెర్షనుకు ముందు కోహాను మాత్రమే పెంచు. తరువాత డెబియన్‌ను 12కు మార్చు. మళ్లీ 12, 13 రెండూ ఉన్న కోహా వెర్షనుకు వెళ్లి, ఆ పైన డెబియన్‌ను 13కు మార్చు. నడిచేటప్పుడు ఒక కాలు నేలమీద ఆనించి గాని రెండో కాలు ఎత్తము కదా, ఇదీ అంతే.

అసలు సర్వరు మీద చేయడానికి ముందు నకలు మీద ఒకసారి మొదటినుంచి చివరిదాకా చేసి చూడాలి. ఇందులో మినహాయింపు లేదు. నీ డెస్క్‌టాప్‌లో ఒక వర్చువల్ మెషీన్ తయారుచేసి, అందులో డెబియన్ 11 ఎక్కించి, సర్వరులో ఉన్న వెర్షను కోహానే పెట్టి, బ్యాకప్ కమాండు కోహా-డంప్ తీసిన రెండు ఫైళ్లను కోహా-రిస్టోర్‌తో దానిలోకి ఎక్కించు. ఈ పని వల్ల నీ బ్యాకప్ నిజంగా తిరిగి వస్తుందా లేదా అన్నది కూడా తేలిపోతుంది. తిరిగి ఎక్కించి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్ అనను. ఆ నకలు మీద రెండు మెట్లూ ఎక్కి, దారిలో తెర మీద అడిగిన ప్రతి ప్రశ్ననూ, నీవు ఇచ్చిన జవాబునూ రాసి పెట్టుకో.

అసలు రోజున ఇంటినుంచి ఎస్ఎస్‌హెచ్‌లో (దూరపు యంత్రంలోకి ప్రవేశించే పద్ధతి) చేయకుండా యంత్రం పక్కనే తెర, కీబోర్డు తగిలించుకుని కూర్చో. కొత్త కెర్నల్‌తో నెట్‌వర్కు ఇంటర్‌ఫేస్ పేరు మారిపోయే అవకాశం ఉంది. అలా మారితే దూరం నుంచి దారి మూసుకుపోతుంది. యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో ముందే చూసుకో. తప్పనిసరిగా దూరం నుంచే చేయవలసివస్తే కనెక్షన్ తెగినా పని ఆగనివ్వని టీమక్స్ లోపల చేయి. 12 నుంచి 13కు వెళ్లేటప్పుడైతే ముందు 12లో వచ్చిన సవరణలన్నీ ఎక్కించుకో. పాత ఓపెన్ఎస్ఎస్‌హెచ్ మీద అప్‌గ్రేడ్ నడుమ కనెక్షన్ తెగితే తిరిగి లోపలికి రానివ్వని లోపాన్ని అందులోనే సరిదిద్దారు. బూట్ విభాగం వేరుగా ఉంటే అది కనీసం 768 ఎంబీ ఉండాలని, అందులో 300 ఎంబీ దాకా ఖాళీ ఉండాలని 13 గమనికలు చెబుతాయి. ఖాళీ చాలకపోతే వాడని పాత కెర్నళ్లను తీసివెయ్యి.

మరియాడీబీని అప్‌గ్రేడ్‌కు ముందు నీ చేత్తో ఆపు, అది పూర్తిగా ఆగిందని లాగ్‌లో చూడు. 10.8 వెర్షనులో దాని రీడూ లాగ్ (మార్పులను ముందుగా రాసుకునే ఫైలు) రూపం మారింది కాబట్టి, సర్వరు హఠాత్తుగా ఆగిపోయిన స్థితిలో మిగిలిన లాగ్‌ను కొత్త వెర్షను చదవలేదు, డేటాబేస్ లేవదు. కొత్త వెర్షను ఒకసారి డేటాను తన రూపంలోకి మార్చుకున్నాక పాతదానికి తిరిగి వెళ్లే దారి లేదని కూడా గుర్తుంచుకో. వెనక్కి వెళ్లాలంటే డంప్ ఒక్కటే దిక్కు.

సోర్సెస్ జాబితాలో (ప్యాకేజీలు ఎక్కడినుంచి తేవాలో రాసిన ఫైలు) బుల్స్ఐ (11 పేరు) అని ఉన్నచోటల్లా బుక్‌వర్మ్ (12 పేరు) అని మార్చు. అక్కడ స్టేబుల్ అని రాసి ఉంటే ముందు దానిని తీసివేసి వెర్షను పేరు పెట్టు. లేకపోతే ఒక మామూలు అప్‌డేట్ నిన్ను పై వెర్షనులోకి లాగేయవచ్చు. 12 నుంచి ఫర్మ్‌వేర్ ఫైళ్లు నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అన్న ప్రత్యేక విభాగంలోకి వెళ్లాయి. ఆ మాట జాబితాలో చేర్చకపోతే నెట్‌వర్కు కార్డు ఫర్మ్‌వేర్‌కు ఇకమీద సవరణలు రావు. కోహా రిపాజిటరీ వరుసను తాత్కాలికంగా కామెంట్ చెయ్యి, అంటే ముందు # పెట్టి పనిచేయకుండా ఆపు. తరువాత కొత్త ప్యాకేజీలు చేర్చకుండా ఒక చిన్న అప్‌గ్రేడ్, దాని వెనుక ఆప్ట్ (apt) ఫుల్-అప్‌గ్రేడ్. ఈ రెండో కమాండు మొదలయ్యే ముందు ఏవేవి తొలగిస్తుందో జాబితా చూపించి అనుమతి అడుగుతుంది. ఆ జాబితాలో కోహా అసలు ప్యాకేజీ అయిన కోహా-కామన్ కనిపిస్తే వద్దని చెప్పి బయటికి వచ్చేయ్. ఎంటర్ కొట్టడం అలవాటైన చేతికి ఇక్కడే మొదటికే మోసం వస్తుంది.

ఇక కాన్ఫిగరేషన్ ఫైళ్ల ప్రశ్న. ఇది నేను నిదానంగా చెబుతాను, నీవూ నిదానంగా చదువు. ఒక ఫైలును నీవు మార్చి ఉండి, కొత్త ప్యాకేజీలో కూడా అదే ఫైలు మారి ఉంటే, ప్యాకేజీలను ఎక్కించే డీపీకేజీ ఆగి అడుగుతుంది. వై నొక్కితే కొత్త ఫైలు వస్తుంది, ఎన్ నొక్కితే నీ ఫైలు ఉంటుంది, డి నొక్కితే రెండింటికీ ఉన్న తేడా చూపిస్తుంది. ఊరికే ఎంటర్ కొడితే ఎన్ అని అర్థం. మీ సర్వరులో ఇది ముఖ్యంగా తగిలేది కోహా ప్యాకేజీని పెంచేటప్పుడు, కేటలాగులో వెతికే సాధనం జీబ్రాకు సంబంధించిన డిఫాల్ట్ డాట్ ఐడీఎక్స్ అన్న ఫైలు దగ్గర. తెలుగు శీర్షికలను సరిగా వెతకాలంటే ఆ ఫైలులో పాత అక్షరపటం వరుసను కామెంట్ చేసి యూనికోడ్ అక్షరాలను అర్థం చేసుకునే ఐసీయూ వరుసను తెరవాలి, మీ దగ్గర ఎవరో ఆ పని చేసే ఉంటారు. అక్కడ అలవాటుగా వై నొక్కితే ఆ మార్పు తుడిచిపెట్టుకుపోతుంది. ఆ రోజు ఏ లోపమూ కనిపించదు, ఇంగ్లీషు పుస్తకాలు చక్కగానే దొరుకుతాయి. తెలుగు శాఖవారు వచ్చి మా పుస్తకాలు కేటలాగులో లేవేమని అడిగినప్పుడు గాని సంగతి బయటపడదు. కాబట్టి ప్రతిసారీ ముందు డి నొక్కు, తేడా చదువు, తరువాతే తేల్చు. నీ ఫైలు ఉంచుకుంటే కొత్తది డీపీకేజీ-డిస్ట్ అన్న తోకతో పక్కనే ఉంటుంది. కొత్తది తీసుకుంటే పాతది డీపీకేజీ-ఓల్డ్ అన్న తోకతో ఉంటుంది. పని అయ్యాక ఈటీసీలో ఈ తోకలున్న ఫైళ్లన్నీ వెతికి ఒక్కొక్కటీ పోల్చి చూడాలి. మరియాడీబీ, ఎస్ఎస్‌హెచ్ వంటివాటికి అసలు ఫైలును ముట్టుకోకుండా నీ మార్పులను వాటి డాట్ డి డైరెక్టరీల్లో వేరే ఫైలుగా పెట్టుకుంటే ఈ ప్రశ్నే రాదు. ఈ సర్దుబాటు అప్‌గ్రేడ్‌కు ముందే 11లో చేసిపెట్టుకోవడం మేలు.

బార్‌కోడ్ లేబుళ్ల స్క్రిప్టు పైథాన్‌లో ఉందన్నావు. పిప్‌తో ఎక్కించిన లైబ్రరీలు ఆయా పైథాన్ వెర్షను డైరెక్టరీలోనే ఉంటాయి. డెబియన్ 11లో 3.9, 12లో 3.11, 13లో 3.13 కాబట్టి ప్రతి మెట్టు మీదా అవి కనబడకుండా పోతాయి. 12 నుంచి సిస్టమ్ పైథాన్‌లోకి పిప్ నేరుగా ఎక్కించనివ్వదు కూడా. బలవంతపెట్టే ఆప్షన్ ఒకటి ఉంది, దాని జోలికి పోకు. స్క్రిప్టుకు ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (దాని లైబ్రరీలకు విడి డైరెక్టరీ) పెట్టి, కావలసిన లైబ్రరీల పేర్లు ఒక ఫైలులో రాసి, ప్రతి అప్‌గ్రేడ్ తరువాత ఆ ఎన్విరాన్‌మెంట్‌ను కొట్టేసి మళ్లీ కట్టు. గ్రంథాలయానికి వచ్చిపోయేవారి నమోదు పేజీ పైథాన్‌లోని పాత సీజీఐ మాడ్యూల్ మీద నడుస్తూ ఉంటే అది 12 వరకే పనిచేస్తుంది, ఎందుకంటే 3.13లో ఆ మాడ్యూల్‌ను తీసివేశారు.

13లో మరికొన్ని మార్పులు ఏ హెచ్చరికా లేకుండా వచ్చి కూర్చుంటాయి. తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ డైరెక్టరీ ఇకమీద డిస్కులో కాక మెమరీలో ఉంటుంది. రాత్రి బ్యాకప్ స్క్రిప్టు తన ఫైళ్లను అక్కడ పోస్తూ ఉంటే అది ర్యామ్‌ను తినేస్తుంది, రీబూట్‌తో ఆ ఫైళ్లూ పోతాయి. స్క్రిప్టును వార్ కింద ఉన్న టెంప్‌కు మళ్లించు. కెర్నల్ సెట్టింగులు రాసుకునే, ఈటీసీలోని సిస్‌సీటీఎల్ డాట్ కాన్ఫ్ ఫైలును 13 చదవదు, అందులో రాసుకున్నవి సిస్‌సీటీఎల్ డాట్ డి లోకి మార్చాలి. ఆప్ట్-కీ కమాండు లేదు కాబట్టి కోహా రిపాజిటరీ తాళంచెవి ఫైలును (ప్యాకేజీలు అసలైనవని నిర్ధారించే కీ) కీరింగ్స్ డైరెక్టరీలో పెట్టి, సోర్సు వరుసలో సైన్డ్-బై అని చూపించాలి. మరియాడీబీలో 11.5 నుంచి యూనికోడ్‌కు డిఫాల్ట్ కొలేషన్ (అక్షరాలను పోల్చి వరుసపెట్టే నియమం) మారింది. కోహా పట్టికలు తమ కొలేషన్‌ను తామే చెప్పుకుంటాయి, వాటికి భయం లేదు. కానీ నివేదికల కోసం నీవు సొంతంగా చేసే కొత్త పట్టికల్లో కొలేషన్ రాయకపోతే వాటిని కోహా పట్టికలతో కలిపినప్పుడు కొలేషన్లు పొసగలేదన్న లోపం వస్తుంది.

కేటలాగు వెతుక్కోవడానికి హాల్లో పెట్టిన పాత కంప్యూటర్లలో ఏవైనా 32 బిట్ డెబియన్‌తో నడుస్తుంటే వాటిని 13కు తీసుకువెళ్లే ప్రయత్నమే చేయకు. ఆ ప్రాసెసర్లకు 13లో కెర్నలూ లేదు, ఇన్‌స్టాలరూ లేదు. లోపలి ప్రాసెసర్ 64 బిట్‌దే అయితే కొత్తగా ఎక్కించు. కాకపోతే వాటిని విరమింపజేయమని ప్రిన్సిపాల్‌గారికి ఇప్పుడే రాసిపెట్టు, కొనుగోలు అనుమతులకు ఎంత కాలం పడుతుందో నీకు తెలుసు.

రీబూట్ అయి అంతా లేచాక కోహా రిపాజిటరీని తిరిగి తెరిచి, జీబ్రా సూచికను మొత్తం మళ్లీ కట్టించు. ఆ తరువాత నీవే కౌంటర్‌లో కూర్చుని ఒక పుస్తకం ఇచ్చి, తిరిగి తీసుకుని, జరిమానా లెక్క చూడు. శాస్త్రం, జ్ఞానం వంటి సంయుక్తాక్షరాలున్న మాటలతో వెతుకు. ఒక లేబుల్ పేజీ ముద్రించి తెలుగు అక్షరాలు డబ్బాలుగా పడలేదని చూడు. కోహా కాన్ఫిగరేషన్‌లో రాసిన ఫాంట్ ఫైలు దారి ప్యాకేజీ మారాక అలాగే ఉంటుందన్న హామీ లేదు. పాతబడిన ప్యాకేజీలను తీసివేసే పని ఆ రోజు పెట్టుకోకు. రిపాజిటరీ మూసి ఉన్న సమయంలో ఆ జాబితా వేస్తే కోహా-కామన్ కూడా పాతబడినదిగానే కనిపిస్తుంది. ఒకటి రెండు వారాలు నడిచాక, రిపాజిటరీ తెరిచి, జాబితా పేరు పేరునా చదివి తీసివెయ్యి. డంప్ ఉన్న బయటి డిస్కును గ్రంథాలయంలో కాక వేరేచోట, వచ్చే సెమిస్టరు పుస్తకాల పంపిణీ పూర్తయ్యేవరకు ఉంచు. నకలు మీద మొదటి మెట్టు ఎక్కినప్పుడు తెర మీద వచ్చిన ప్రశ్నల జాబితా నాకు పంపు, 12కు వెళ్లే తేదీ అది చూశాక నిర్ణయిద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య