మీ వాడికి ఫిజిక్స్ రాదని ఎవరు తేల్చారు?

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు చేసే ఒక తండ్రి రాసిన ఉత్తరం ఇది. కుదించి ఇస్తున్నాను: ‘మా అబ్బాయి నెల్లూరు హాస్టల్లో ఉండి సీనియర్ ఇంటర్ ఎంపీసీ చదువుతున్నాడు. వేవ్ ఆప్టిక్స్ (కాంతిని అలలుగా చూసే పాఠం) మీద పెట్టిన వీకెండ్ పరీక్షలో సగానికి పైగా తప్పులే. ఇంటర్‌ఫియరెన్స్‌కీ డిఫ్రాక్షన్‌కీ తేడా తెలియడం లేదంటాడు. కింది సెక్షన్‌లో వేశారు. మళ్ళీ ఐసర్‌లో (కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యా, పరిశోధన సంస్థ) ఫిజిక్సే చదువుతానంటాడు. మా బావమరిదేమో చెన్నైలో సీఎస్ఈ ఏఐ సీటుకి ఇప్పుడే అడ్వాన్సు కట్టెయ్యమంటున్నాడు. రెండిట్లో ఏది మేలో పోల్చి చెప్పండి.’

అన్నా, పోలిక కాసేపు ఆగనివ్వండి. ఇలాంటి ఉత్తరం నాకు ఏటా వస్తుంది. చాప్టరు పేరు ఒక్కటే మారుతుంది: ఒకరికి రొటేషన్, ఒకరికి ఆర్గానిక్ కెమిస్ట్రీ. పైకి అడిగేది సీటు గురించి. లోపల కుమిలేది వేరే. రెండేళ్ళు కట్టిన ఫీజు నీళ్ళపాలైందా, పిల్లోడు ఎందుకూ కొరగాకుండా పోతాడా అని. అలా ఏమీ కాలేదు. ఎందుకు కాలేదో చెప్తాను.

ఆ ‘తేడా’ సంగతే తీసుకోండి. నోబెల్ బహుమతి అందుకున్న ఫైన్‌మన్ అంతటివాడు, ఈ రెండు మాటల మధ్య గీత ఎవరూ సరిగ్గా గీయలేకపోయారని తన పాఠంలో ఒప్పుకున్నాడు. రెండు మూడు చోట్ల నుంచి బయల్దేరిన అలలు కలిస్తే ఇంటర్‌ఫియరెన్స్ అంటాం, లెక్కలేనన్ని చోట్ల నుంచి వస్తే డిఫ్రాక్షన్ అంటాం. అది వాడుక, అంతే. మీకు చూపించాలంటే మీ గుంట చాలు. మధ్యాహ్నం ఏరియేటర్లు ఆపి ఉన్నప్పుడు, గాలి లేకపోతే, రెండు చోట్ల నీటిని ఒకే తాళంలో తట్టండి. అలలు కలిసే దగ్గర కొన్ని చోట్ల నీరు ఎగిరిపడుతుంది, ఆ పక్కనే కదలక మెదలక ఉంటుంది. తూము సందులోంచి వచ్చిన అల తిన్నగా పోకుండా అటూ ఇటూ విచ్చుకుంటుంది కదా, డిఫ్రాక్షన్ అంటే అదే. కాంతి కూడా అలాగే నడుస్తుందని థామస్ యంగ్ 1800ల మొదట్లో చూపించాడు.

మీవాడు తప్పింది ఎక్కడో నేను పేపరు చూడకుండానే ఊహించగలను. యంగ్ ప్రయోగంలో రెండు సన్నని చీలికల నుంచి తెర మీదికి వచ్చే దారుల తేడా సరిగ్గా ఒక తరంగదైర్ఘ్యమైతే, అంటే ఒక అల పొడవైతే, అక్కడ వెలుగు. ఒకే చీలికలో, దాని రెండు అంచుల నుంచి వచ్చే దారుల తేడా ఒక తరంగదైర్ఘ్యమైతే అక్కడ చీకటి! సూత్రాలు చూడ్డానికి కవల పిల్లలు, ఫలితాలు ఉప్పూ నిప్పూ. రెండూ బట్టీ పట్టినవాడికి పరీక్ష హాల్లో తారుమారు కాకపోతేనే వింత. కారణం తెలిస్తే మర్చిపోవాలన్నా మర్చిపోలేడు. చీలికని మనసులో రెండు సగాలు చెయ్యమనండి. పై సగంలోని ప్రతి బిందువుకీ కింది సగంలో ఒక జోడీ ఉంటుంది, ఆ జోడీ అర తరంగం తేడాతో వస్తుంది. ఒకటి పైకి లేస్తుంటే రెండోది కిందికి దిగుతుంది. జోడీలన్నీ ఇలా చెల్లు అయిపోతే మిగిలేది చీకటే. ఆ వెలుగు ఎక్కడికీ మాయం కాదు, పక్కనున్న మెరుపు చారల్లోకి చేరుతుంది. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు ఎవరూ ఇవ్వలేదు గానీ, సెక్షన్ మార్చడానికి మాత్రం తీరిక దొరికింది.

ఇక ఏఐ సీటు. నాకు ఆ చదువంటే కోపం లేదు, దానికి పెట్టే పేరు మీదే అనుమానం. దాని అడుగున ఉండేది లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ అనే లెక్కలు. అవి గట్టిగా రానివాడికి తలుపు మీది బోర్డు అన్నం పెట్టదు. చాలాచోట్ల బోర్డు కొత్తది, పాఠం పాతది. టైగర్ రొయ్య ధర బాగుందని ఊరూరా గుంటలు తవ్విన రోజులు మీకు నాకంటే బాగా తెలుసు. తొంభైల్లో తెల్లమచ్చ తెగులు వచ్చాక ఏమైంది? పక్కవాడు గుంటలో రొయ్యపిల్ల వదిలాడని తనూ వదిలినవాళ్ళే ముందు మునిగారు. నాలుగేళ్ళ తర్వాత ఏ ఉద్యోగం ఉంటుందో మీ బావమరిదికి తెలియదు, నాకూ తెలియదు. ఇంకో ముచ్చట: ఆ ఏఐని నడిపే సరికొత్త చిప్పుల మీద గీతలు గీయడానికి 13.5 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి వాడుతున్నారు. తరంగదైర్ఘ్యం పెద్దదైతే డిఫ్రాక్షన్ వల్ల గీత చెదిరిపోతుంది మరి. మీరు భయపడుతున్న చాప్టరే అక్కడ కూర్చుని ఉంది.

ఒక మాట కటువుగా అంటాను, ఏమనుకోకండి. ఉత్తరం మొత్తంలో మార్కులు, సెక్షన్, అడ్వాన్సు ఉన్నాయి. వాడు ఫిజిక్స్ ఎందుకు చదువుతానంటున్నాడో ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు? రొయ్య మేత తినకపోతే అర్ధరాత్రి టార్చి పట్టుకుని చెక్ ట్రే లేపి చూస్తారే, కొడుకు విషయంలో ఫోనుకొచ్చిన ర్యాంకు మెసేజే చాలా? అడ్వాన్సు కట్టేది వాడి చదువు కోసం కాదు, మీకు రాత్రి నిద్ర పట్టడం కోసం.

సరే, పోలిక. ఐసర్ తిరుపతి ఏర్పేడులో ఉంది, నెల్లూరు నుంచి పూట ప్రయాణం. డిగ్రీ, పీజీ కలిపిన బీఎస్-ఎంఎస్ ఐదేళ్ళు. ప్రవేశానికి వాళ్ళ పరీక్షే వేరే, అది రాయించండి. ఆ దారిలో సంపాదన ఆలస్యం. చాలామంది తర్వాత పీహెచ్‌డీకి వెళ్తారు, అందుకు ఇంట్లో ఓపిక ఉండాలి. ఇంజనీరింగ్‌లో జీతం త్వరగా మొదలవ్వచ్చు, మొదలవకపోవచ్చు కూడా. మధ్యదారి కావాలంటే కొచ్చిన్ విశ్వవిద్యాలయంలో ఫోటోనిక్స్ ఐదేళ్ళ ఎంఎస్సీ ఉంది, కాంతినే వృత్తిగా చేసుకునే చదువు. ఏది కావాలో వాడితో కూర్చుని మాట్లాడాకే తేలుతుంది. అడ్వాన్సు మాత్రం ఇప్పుడు కట్టొద్దు.

వచ్చే ఔటింగ్‌కి వెళ్ళేటప్పుడు రొట్టెల పండగలో అమ్మేలాంటి ఎర్ర లేజర్ లైటు ఒకటి కొనుక్కెళ్ళండి. మార్కుల ఊసెత్తకండి. చీకటి గదిలో, గోడకి మూడు మీటర్ల దూరంలో, లేజర్ ముందు ఒక తల వెంట్రుక అడ్డంపెట్టి చూడమనండి. కళ్ళలోకి మాత్రం కొట్టకూడదు. గోడ మీద చుక్క చారలు చారలుగా విడిపోతుంది. నడిమధ్య నుంచి మొదటి చీకటి దాకా ఎన్ని మిల్లీమీటర్లో కొలిచి, 1950ని దానితో భాగిస్తే వెంట్రుక మందం మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో) వస్తుంది. ఆ 1950 ఎక్కణ్ణుంచి వచ్చిందో మీవాణ్ణే చెప్పమనండి. ముందు వాడి వెంట్రుక, తర్వాత మీది. ఎవరిది ఎంత వచ్చిందో నాకు రాయండి.