అడవి అంచున: ఎలుగుబంటి ఎదురైతే

ప్రశ్న: మాది వెలిగొండల కింద ఊరు. ఎండాకాలం మేకల్ని తోలుకుని కొండెక్కుతాం. బండ మలుపు తిరగ్గానే పది పదిహేను అడుగుల్లో ఎలుగొడ్డు ఉంటే ఏం చెయ్యాలి? చెట్టెక్కమని ఒకరు, చచ్చినట్టు పడుకోమని ఒకరు, పల్లానికి పరిగెత్తమని ఇంకొకరు చెబుతారు. ఏది నమ్మాలి?
– మేకల కాపరి, సీతారామపురం మండలం

జవాబు: పరుగూ వద్దు, చెట్టూ వద్దు. పల్లానికి పరిగెత్తితే జుట్టు కళ్లకు అడ్డం పడి అది దొర్లిపోతుందని పెద్దవాళ్లు అంటుంటారు. ఎత్తయినా పల్లమైనా ఎలుగు మనిషి కంటే వేగంగానే వస్తుంది. పైగా పరిగెత్తేవాడు వీపు చూపిస్తాడు, రాళ్లలో పడతాడు. తేనెపట్టు కోసం నిటారు మాను ఎక్కే జంతువు నుంచి చెట్టేం కాపాడుతుంది? మీరు కొమ్మ అందుకునేలోపే మీ కాలు దానికి అందుతుంది. పడుకోవడానికి మాత్రం ఒక సమయం ఉంది. ఎదురుపడగానే కాదు, అది మీద పడ్డాక.

ముందు దాని తీరు తెలియాలి. మనిషిని తిందామని ఎలుగు రాదు. దాని తిండి చెదలు, చీమలు, తేనె, పండ్లు. చూపు ఆనదు, చెవీ అంతంత మాత్రమే, ముక్కు ఒక్కటే గట్టిది. గాలి దాని వైపు నుంచి మీ మీదికి వీస్తుంటే ఆ ముక్కు కూడా పనిచేయదు. పుట్టలో మూతి పెట్టి చెదలు పీల్చేటప్పుడు దాని ఊపిరి మోత వంద మీటర్ల అవతలికి వినిపిస్తుంది. ఆ మోతలో మీ అడుగుల చప్పుడు దానికెక్కడ వినబడుతుంది? తల ఎత్తేసరికి ఎదురుగా మనిషి ఉంటాడు. పెద్దపులి తిరిగే అడవుల్లో బతుకుతున్న జంతువు కాబట్టి, బెదిరితే తప్పుకోవడం కంటే ముందు మీదికి దూకడమే దానికి అలవాటు. దాడుల్లో ఎక్కువ భాగం ఇలా బెదరడం వల్లే.

అది మిమ్మల్ని ఇంకా చూడలేదా? అరవకండి, ఈల వేయకండి, ఫోను తీయకండి. దానివైపే చూస్తూ వచ్చిన దారినే వెనక్కి నడవండి. కనుమరుగయ్యాక చుట్టు తిరిగి వేరే దారి పట్టండి, లేదా అరగంట ఆగండి.

చూసింది, వెనక్కాళ్ల మీద లేచి నిలబడింది అనుకోండి. చాలామంది దీన్నే దాడి అనుకుని పరుగు అందుకుంటారు. అది లేచేది వాసన పట్టడానికి, ఎదుట ఏముందో తేల్చుకోవడానికి. కదలకుండా ఒక్క క్షణం నిలబడి, గొంతు పెంచకుండా ఏదో ఒకటి మాట్లాడండి. మీరు మనిషని దానికి తెలియాలి, అంతే. తర్వాత అడుగు వెనుక అడుగు, కాస్త పక్కకు ఏటవాలుగా జరగండి. ప్రతి అడుగూ మడమతో నేల తడిమి వేయాలి. వెనక్కి నడుస్తూ రాయి తగిలి వెల్లకిలా పడటమే ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. దానికి పోయే దారి వదలండి. బండల సందు, గుహ మూతి, పొద, వీటికీ దానికీ మధ్య మీరు నిలబడితే దాని దారి మూసేసినట్టే. పిల్లల దగ్గర కూడా ఇదే లెక్క. ఎలుగు పిల్లలు నెలల తరబడి తల్లి వీపు మీదే తిరుగుతాయి. పిల్ల ఒంటరిగా కనబడిందంటే తల్లి పక్కనే ఉందని అర్థం. ఎత్తుకోవడం, అదిలించడం రెండూ ప్రమాదమే.

ఇక బుస కొడుతూ పరిగెత్తుకొచ్చింది. చాలాసార్లు కొన్ని అడుగుల్లో ఆగి, గుర్రుమని వెనక్కి తిరుగుతుంది. ఆగుతుందో లేదో మీకు ముందుగా తెలియదు కాబట్టి నిలబడే ఉండండి. మీ చేతికర్ర ఐదారడుగులు ఉంటుంది కదా, దాన్ని రెండు చేతులా పట్టి మీకూ దానికీ మధ్య అడ్డం పెట్టండి. దాని మొదటి పంజా కర్ర మీద పడితే మేలు. గొడ్డలి ఉందన్న ధైర్యం వద్దు. దెబ్బకు ఎత్తిన చేయే ముందు దాని గోళ్లకు దొరుకుతుంది. ముందుకాళ్ల గోళ్లు ఏడు నుంచి పది సెంటీమీటర్ల పొడవుంటాయి, పిల్లి గోళ్లలా లోపలికి ముడుచుకోవు.

మీద పడిందా, అప్పుడు పడుకోవాలి. వెల్లకిలా కాదు, బోర్లా. ఎలుగు తలను, ముఖాన్నే ఎక్కువగా పట్టుకుంటుంది. ముఖం నేలకు ఆనించి, రెండు చేతుల వేళ్లూ మెడ వెనుక పెనవేసి, మోచేతులు చెంపలకు నొక్కిపెట్టండి. కాళ్లు కొంచెం ఎడం చేస్తే మిమ్మల్ని తిప్పేయడం దానికి కష్టం. తిప్పితే ఆ ఊపులోనే మళ్లీ బోర్లా తిరగండి. వీపు మీద సంచి ఉంటే తీయకండి. గొంగడి కప్పుకుని ఉంటే తల మీదికి లాక్కోండి, ఎంత మందమైతే అంత మంచిది. మనిషి కదలడం మానితే అది సాధారణంగా కొద్దిసేపట్లో వదిలేసి పోతుంది. పోయిందనుకుని వెంటనే లేచి కూర్చుంటే రెండోసారి పడుతుంది. దాని ఊపిరి, ఆకుల చప్పుడు పూర్తిగా ఆగాక కూడా కాసేపు అలాగే ఉండి, అది వెళ్లిన వైపు కాకుండా రెండో వైపు కదలండి.

పక్కన తోడున్నవాళ్లు చెల్లాచెదురు కాకూడదు. గుంపుగా నిలబడి అందరూ ఒక్కసారిగా కేకలేయాలి, కర్రలు బండకేసి కొట్టాలి. చుట్టుముట్టవద్దు, ఒక వైపు ఖాళీగా వదలాలి.

ప్రశ్న: పెంచలకోన, భైరవకోన వైపు కొండదారుల్లో నడుస్తుంటాం. ఎలుగు తిరిగే చోటని ముందే ఎలా పసిగట్టాలి?
– నడక బృందం, నెల్లూరు

జవాబు: పుట్టల్ని చూస్తూ నడవండి. ఎలుగు తవ్విన పుట్టకు మొదట్లో గరాటులా లోపలికి పోయే గుంత ఉంటుంది, అంచుల మీద గోళ్ల గీతలు ఉంటాయి. ఆ గుంతలో చెదలు ఇంకా బయటపడి తిరుగుతుంటే, మట్టి తడిగా ఉంటే, అది తవ్వి ఎక్కువసేపు కాలేదు. అక్కడి నుంచి తిరిగి వచ్చేయండి. చెదలు కొత్త మట్టితో బొక్క పూడ్చేసి ఉంటే పాతది. అడుగుజాడల్లో ముందుకాలికి వెడల్పాటి అరచేయి, దాదాపు ఒకే వరుసలో ఐదు వేళ్లు, వాటికి ఎడంగా ముందు గోళ్ల గుచ్చులు కనబడతాయి. వెనక్కాలి జాడ చెప్పుల్లేని మనిషి పాదంలా ఉంటుంది. చిరుతపులి జాడలో గోళ్లు పడవు, వేళ్లు నాలుగే. పెంటలో కాలాన్ని బట్టి గింజలుంటాయి: చలికాలం రేగు, మే, జూన్‌లలో ఈత, వానలు మొదలయ్యాక నేరేడు, దసరా దాటాక సీతాఫలం. ఏ పండు రాలే కాలంలో ఆ చెట్ల కిందికి ఒంటరిగా పోకపోతే సగం ముప్పు తప్పినట్టే.

నడిచేటప్పుడు చప్పుడు చేయాలి. ఫోన్లో సన్నగా పాట పెట్టుకుంటే మందచెవి జంతువుకు వినపడదు, మీకేమో దాని చప్పుడు వినపడకుండా పోతుంది. మలుపులు, వాగు మోత ఉన్న చోట్లు, గుబురు పొదలు, ఈ మూడింటి దగ్గర ఆగి చప్పట్లు కొట్టి, గట్టిగా మాట్లాడుతూ దాటండి. తెల్లవారుజామున, సందె చీకట్లో నడక వద్దు. పొద్దెక్కి గంట దాటాక మొదలుపెట్టి, సాయంత్రం నాలుగుకల్లా దిగిపోయేలా చూసుకోండి. పగలు అది బండల సందుల్లో, గుహల్లో పడుకుంటుంది కాబట్టి గుహల్లోకి టార్చి వేసి తొంగి చూసే సరదా మానాలి. డిసెంబరు, జనవరిల్లో ఈనిన తల్లి రెండు మూడు నెలలు అలాంటి చోటే పిల్లల్ని పెట్టుకుంటుంది. వేసవిలో అటవీశాఖ నీళ్లు నింపే సాసర్ పిట్ల దగ్గర విడిది చేయకండి. కొబ్బరిచిప్పలు, బెల్లం, అరటిపండ్లు దారిలో పారేయకండి. వాటికి అలవాటుపడ్డ ఎలుగు గుడి మెట్ల దాకా వస్తుంది, మీ తర్వాత వచ్చేవాళ్లు దాని పాలబడతారు.

ప్రశ్న: కుక్క వెంట ఉంటే ధైర్యమేనా?
– ఒక పాఠకుడు, రాపూరు

జవాబు: కాదు. కుక్క ముందు పరిగెత్తి మొరిగి, ఎలుగు తిరగబడగానే యజమాని కాళ్ల దగ్గరికే వస్తుంది, దాని వెనకే ఎలుగూ వస్తుంది. మందకు కుక్క లేకుండా కుదరదు గనక పొదలున్న చోట తాడు వేసి పక్కనే నడిపించండి.

ప్రశ్న: అడవి పక్కన మామిడి తోట, దాని పక్కన రెండెకరాల వేరుశనగ. రాత్రిళ్లు ఎలుగు వస్తోంది. చుట్టూ తీగ లాగి కరెంటు పెట్టమంటున్నారు.
– రైతు, కొమరోలు ప్రాంతం

జవాబు: మెయిన్ లైను నుంచి తీగకు కరెంటు ఇవ్వడం నేరం. దానికి మొదట బలయ్యేది చాలాసార్లు పక్క చేని రైతు, లేదా మీ ఇంటి మనిషే. ఎలుగుబంటి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు, అంటే అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలోది. చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. పందుల కోసం పెట్టిన ఉచ్చులో పడ్డా అదే కేసు. సోలార్ ఫెన్సింగ్ వేరు. అందులో విద్యుత్తు ఒక్కో విసురుగా వచ్చి ఆగుతుంది, జంతువు ఉలిక్కిపడి వెనక్కి పోతుంది, చావదు. అయితే తీగల కింద గడ్డి పెరిగి తగులుకుంటే షాకు నేలకు దిగిపోయి పనిచేయడం మానేస్తుంది. పదిహేను రోజులకోసారి గడ్డి కొట్టాలి, బ్యాటరీ చూసుకోవాలి. బిగించి వదిలేసినవాళ్ల తోటల్లోకే ఎలుగులు మళ్లీ వస్తాయి.

తోటలో రాలిన కాయలు పొద్దు గుంకేలోపే ఏరేయండి. మీ తోటకు దాన్ని పిలిచేది ఆ మాగిన వాసనే. గట్టు మీది పుట్టలు కూడా పిలుస్తాయి. కాపలా పడుకునేవాళ్లు నేల మీద కాకుండా మంచె మీద పడుకోవాలి. రాత్రి మోటరు వేయడానికి పోతే టార్చి ముందు నలువైపులా తిప్పి, దగ్గి, పలకరిస్తూ వెళ్లాలి. స్టార్టరు పెట్టె చుట్టూ నాలుగు గజాలు కంప నరికి శుభ్రంగా ఉంచితే చాలా మేలు. తెల్లారుజామున బయటికి వెళ్లే ఆడవాళ్లకు కూడా ఇదే జాగ్రత్త చెప్పండి. ఒంటరిగా, చీకట్లో, చప్పుడు చేయకుండా పొద దగ్గర కూర్చోవడం కంటే పెద్ద ముప్పు లేదు.

గట్టు లేని నేల బావి ఉంటే చుట్టూ గోడ కట్టండి. ఎలుగు అందులో పడితే అటవీశాఖకు కబురు చేసి, ఊరి జనాన్ని దూరంగా పంపడమే మీ పని. రాళ్లు వేసి, సెల్‌ఫోన్లు పట్టుకుని జనం మూగిన చోట అది పైకి రాగానే ఎవరో ఒకరి మీద పడుతుంది.

ప్రశ్న: ఎలుగు దాడి చేసిన మనిషిని ఊళ్లోకి మోసుకొస్తే ఆసుపత్రికి చేరేలోపు ఏం చెయ్యాలి? పసుపు, కాఫీపొడి అద్దుతున్నారు.
– ఆశా కార్యకర్త, గిద్దలూరు వైపు

జవాబు: పసుపు, కాఫీపొడి, ఆకుపసరు, ఏదీ వద్దు. వాటిని కడగడానికే ఆసుపత్రిలో సమయం పోతుంది.

మొదట ఊపిరి చూడండి. ముఖం చీలిన మనిషిని వెల్లకిలా పడుకోబెడితే నెత్తురు గొంతులోకి దిగి ఊపిరాడదు. తెలివుంటే కూర్చోబెట్టి ముందుకు వంచండి, లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మంచం మీద మోసేటప్పుడు కూడా అంతే. తర్వాత నెత్తురు. నెత్తి తోలు ఊడి వేలాడుతుంటే కోయకండి, లాగకండి. దాన్ని దాని స్థానంలో పరిచి, ఉతికిన గుడ్డ మడత పెట్టి పది పదిహేను నిమిషాలు వదలకుండా నొక్కండి. మధ్యలో ఎత్తి చూస్తే గడ్డకట్టినది ఊడి మళ్లీ మొదలవుతుంది. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకో గుడ్డ. కన్ను దెబ్బతింటే నొక్కకూడదు, కాగితం గ్లాసు బోర్లించి దాని అంచుల మీద కట్టు కట్టండి. తాగడానికి, తినడానికి ఏమీ ఇవ్వకండి, మత్తు ఇచ్చి కుట్లు వేయాల్సి రావచ్చు. 108కి ఫోను చేయండి. సిగ్నల్ లేని చోట ఒకరిని ముందే రోడ్డు మీదికి పంపండి.

నెత్తురు పెద్దగా కారని గీతలు, గాట్లు ఉంటే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడగండి. అడవి జంతువు కాటు, గోరు గాటు రెండింటికీ రేబిస్ టీకా తప్పదు: మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28వ రోజుల్లో (కండలోకి ఇచ్చే టీకా అయితే 14వ రోజు కూడా). చర్మం తెగిన గాయానికి టీకా ఒక్కటే చాలదు, రేబిస్‌ను గాయం దగ్గరే వెంటనే అడ్డుకునే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందును గాయం చుట్టూ, లోపలా ఎక్కించాలి. కుట్లు అవసరమైతే అది ఎక్కించాకే. ధనుర్వాతం ఇంజెక్షను కూడా అడగండి. చిన్న ఆసుపత్రిలో ఇమ్యునోగ్లోబ్యులిన్ లేకపోతే మొదటి టీకా అక్కడే వేయించుకుని ఒంగోలు లేదా నెల్లూరు పెద్దాసుపత్రికి పంపాలి. ముఖం ఎముకలు విరిగితే ఎలాగూ అక్కడికే వెళ్లాలి. కుట్లు మానాక కుటుంబం టీకాల సంగతి మరిచిపోతుంది. 28వ రోజు గుర్తుచేసే పని మీదే.

పరిహారం కోసం దాడి జరిగిన రోజే అటవీశాఖ బీటు ఆఫీసరుకు గానీ సెక్షన్ ఆఫీసరుకు గానీ చెప్పించండి. వాళ్లు వచ్చి చోటు చూసి, జాడలు నమోదు చేసుకోవాలి, వాన పడితే అవి మిగలవు. ఆసుపత్రిలో గాయాల సర్టిఫికెట్ మీద ఎలుగుబంటి దాడి అని రాయించండి, అడవి జంతువు అని ఊరికే రాస్తే తర్వాత తిరుగుళ్లు పెరుగుతాయి. బిల్లులు, ఆధార్, బ్యాంకు పుస్తకం నకళ్లతో దరఖాస్తు రేంజి ఆఫీసులో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఎంత వస్తుందన్నది జీవోలతో మారుతుంటుంది, ఆ రోజు అమల్లో ఉన్న మొత్తాన్ని అక్కడే అడగాలి.