పుచ్చుకునేవారి గౌరవం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మా సంఘంలోని యౌవనస్థులం ఏటా క్రిస్మస్‌కు ముందు ఊళ్లోని వృద్ధులకూ వితంతువులకూ దుప్పట్లు, బియ్యం పంచుతాము. గల్ఫ్‌లోను, అమెరికాలోను ఉన్న మా సంఘస్థులు డబ్బు పంపి, ఫోటోలు పెట్టమని అడుగుతారు. కిందటిసారి ఒక పెద్దావిడ దుప్పటి అందుకుంటూ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంటే, మావాడొకడు "మామ్మా, ఇటు చూడు" అంటూ కొంగు తీయించి ఫోటో తీశాడు. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఫోటోలు లేకపోతే డబ్బు రాదు, తీస్తే మనసొప్పదు. ఏం చేయాలి?
— ఒక యువజన సంఘ కార్యదర్శి, అమలాపురం

జవాబు: సోదరా, ఆ పెద్దావిడ ముఖం కప్పుకోవడమే మీ ప్రశ్నకు ఆమె ఇచ్చిన జవాబు. దుప్పటి కావాలి గాని దుప్పటి పుచ్చుకున్నదాన్నని లోకానికి తెలియడం వద్దు అని ఆమె చెప్పగలిగినంత స్పష్టంగా చెప్పారు. మీ మనసు ఆ మాట విన్నది కాబట్టే ఈ ఉత్తరం రాశారు.

డబ్బు పంపినవారు లెక్క అడగడంలో తప్పు లేదు. యెరూషలేములోని పేదల కోసం సంఘాలు పోగుచేసిన చందాను పంపేటప్పుడు అపొస్తలుడైన పౌలు ఎంత జాగ్రత్త పడ్డాడో కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక ఎనిమిదో అధ్యాయంలో చూడండి. ఆ ధర్మం విషయంలో తనమీద ఎవరూ తప్పు మోపకూడదని, తీతును, అతనితోపాటు సంఘాలు ఏర్పరచిన ఒక సహోదరుణ్ణి ఆ పని మీద పంపించాడు. దేవుని దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా పని యోగ్యంగా ఉండాలన్నది ఆయన పట్టుదల. కాబట్టి దాతలకు కొన్న దుకాణం బిల్లులు పంపండి, బ్యాంకు లెక్క పంపండి, ఎన్ని కుటుంబాలకు చేరిందో రాసి ఇద్దరు సంఘపెద్దల చేత సంతకం పెట్టించి పంపండి. బియ్యం మూటలు కడుతున్న మీ కుర్రవాళ్ల ఫోటో కావాలంటే అదీ పంపండి. పుచ్చుకునేవారి ముఖం మాత్రం లెక్కలో భాగం కాదు. కుడిచెయ్యి చేసే ధర్మం ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పినప్పుడు ఇచ్చేవాడి గర్వాన్ని అణచడమే ఉద్దేశమని మనం సాధారణంగా బోధిస్తాము. ఆ రహస్యం పుచ్చుకునేవాణ్ణి కూడా కాపాడుతుందని, ఆ మాటలో ఇద్దరి మేలూ ఉందని నేను నమ్ముతున్నాను.

ఈ సంగతి ధర్మశాస్త్రంలో ఇంకా సూటిగా ఉంది. పొరుగువాడికి అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు తెచ్చుకోవడానికి అతని ఇంట్లోకి వెళ్లకూడదని, బయటే నిలబడాలని, అప్పు తీసుకున్నవాడే దాన్ని బయటికి తెచ్చి ఇవ్వాలని ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం ఆజ్ఞాపిస్తుంది. అప్పిచ్చినవాడికే ఇంటి గడప దాటే హక్కు లేనప్పుడు, ఉచితంగా ఒక దుప్పటి ఇచ్చిన మనకు ఒక పేదరాలి కొంగు తొలగించే హక్కు ఎలా వస్తుంది? బైబిల్లోని రూతు కథలో పొలం యజమాని బోయజును కూడా తలచుకోండి. పేద వితంతువైన రూతు కోతలో రాలిన పరిగె ఏరుకోవడానికి వచ్చినప్పుడు, ఆమె కోసం పనల్లోనుంచి కొన్ని పిడికెళ్లు కావాలనే విడిచిపెట్టమని, ఆమెను గద్దించవద్దని తన పనివాళ్లకు చెప్పాడు. ఆమె సాయంకాలం తాను ఏరుకున్న యవలను తానే దుళ్లగొట్టుకొని, తన కష్టార్జితంగా అత్త ఇంటికి తీసుకువెళ్లింది. ఇచ్చిన సంగతి ఇచ్చినవాడికీ అతని పనివాళ్లకూ తెలుసు, ఊరికి తెలియనక్కరలేదు.

మన తెలుగు సంఘాల చరిత్రలోనూ ఈ వివేకం కనిపిస్తుంది. మెదక్ కెతడ్రల్ నిర్మాణం 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఆ కరవు రోజుల్లో చుట్టుపక్కల పేదలకు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర ఆ నిర్మాణంలో పని కల్పించి, ఆ పనికి తిండి పెట్టారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అన్నం కోసం చెయ్యి చాపవలసిన మనిషి అక్కడ రాయి మోసి అన్నం సంపాదించుకున్నాడు.

ఇక మీరు చేయవలసినది. మైకు పెట్టి, వరసలో నిలబెట్టి పంచే పద్ధతి మానండి. సాయంత్రం పూట ఇద్దరిద్దరు చొప్పున ఇంటికి వెళ్లండి, కూర్చోండి, ఏం కావాలో అడగండి. కోనసీమలో ఒక వృద్ధురాలికి అయిదో దుప్పటి ఎందుకు? ఆమెకు రక్తపోటు మాత్రలు అయిపోయి ఉండవచ్చు, కంటి ఆపరేషనుకు తోడు వెళ్లే మనిషి లేకపోవచ్చు, వేలిముద్ర పడక పింఛను ఆగి ఉండవచ్చు. ఈ పనులకు దుప్పటి కంటే తక్కువ డబ్బు, ఎక్కువ తీరిక కావాలి. ఫోటో లేనిదే డబ్బు పంపబోమనే దాతలు ఒకరిద్దరు తగ్గితే తగ్గనివ్వండి. కారణం మర్యాదగా రాసి చెబితే చాలామంది అర్థం చేసుకుంటారు. అన్నిటికంటే ముందు, పాత ఫోటోను తీసివేయించి, ఆ మామ్మగారి ఇంటికి ఆ కుర్రవాడిని వెంటబెట్టుకొని వెళ్లండి.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు మా సంఘం నుంచి భోజనం పొట్లాలు, మంచినీళ్లు తీసుకువెళ్లాము. ప్రతి పొట్లంలోను ఒక సువార్త కరపత్రం పెట్టాలని ఒక పెద్దాయన పట్టుబట్టారు. "సమయమందును అసమయమందును" ప్రకటించమని వాక్యం ఉంది కదా అన్నారు. మేము ఒప్పుకోలేదు. ఆ మనస్పర్ధ ఇంకా తీరలేదు. ఎవరిది సరి?
— ఒక సంఘ సభ్యుడు, గుంటూరు

జవాబు: ఆ పెద్దాయనకు సువార్త పట్ల ఉన్న ప్రేమను అనుమానించవద్దు. అయినా ఈ విషయంలో మీరు చేసిందే సరి. నడుములోతు నీళ్లలో, పిల్లలతో మేడమీద ఉన్న మనిషికి ఆ పొట్లాన్ని కాదనే స్వేచ్ఛ లేదు. కాదనలేని స్థితిలో ఉన్నవాడి చేతిలో పెట్టిన కరపత్రం అతనికి అన్నం వెలలాగా కనిపిస్తుంది. మన ఉద్దేశం అది కాకపోయినా అతని అనుభవం అదే.

ఒంగోలు చరిత్ర మీ ఇద్దరూ కలిసి చదవదగినది. 1876–78 మధ్య మన జిల్లాలను ధాత కరువు పట్టి పీడించినప్పుడు, ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో వచ్చిన వేలమందికి కూలి ఇప్పించారు. విరామ సమయాల్లో తెలుగు బోధకులు ఆ కూలీల దగ్గర కూర్చొని ఆదరణ మాటలు చెప్పేవారు. విశ్వాసాన్ని ఎవరూ దాచుకోలేదు. అయితే బాప్తిస్మం కోరినవారిని మాత్రం కరవు సహాయం నడిచినంత కాలం ఆపి ఉంచారు. తిండి కోసం ఎవరూ ప్రభువు పేరు చెప్పకూడదన్నదే కారణం. సహాయం ముగిసింది, ఇక ఇచ్చేదేమీ లేదు అన్న తరువాత కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది మాదిగ పల్లెలవారు. రక్షణతోపాటు మనిషిగా గౌరవం కూడా కోరుకొని వచ్చి ఉంటే, ఆ కోరికలో నాకు దోషమేమీ కనిపించదు. క్లఫ్ దొర కట్టడి చేసింది కూటికీ బాప్తిస్మానికీ మధ్య ఉండే లంకెను మాత్రమే.

లూకా సువార్త 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠరోగులు శుద్ధులైతే తిరిగి వచ్చి స్తుతించినవాడు ఒక్కడే, అతడూ యూదులు దూరంగా పెట్టిన సమరయుడే. మిగిలిన తొమ్మిదిమంది ఏరని ప్రభువు అడిగాడు గాని వారి స్వస్థతను వెనక్కి తీసుకోలేదు. "మీరెవరు బాబూ?" అని ఎవరైనా అడిగితే సంఘం పేరు నిర్భయంగా చెప్పండి. నీళ్లు తీసి, ఇల్లు కడుక్కొని, వారు తమ గుమ్మంలో నిలబడి మాట్లాడగలిగిన రోజున మళ్లీ వెళ్లండి. అప్పుడు కరపత్రం ఇస్తే పుచ్చుకోవచ్చు, వద్దనవచ్చు. ఆ పెద్దాయనను కూడా వెంట తీసుకువెళ్లండి.

ప్రశ్న: హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అమ్మాయి మానసిక కుంగుబాటుతో ఇంటికి వచ్చి చికిత్స పొందుతోంది. ప్రార్థించమని మా పాస్టరమ్మగారికి ఒక్కరికే చెప్పాను. ఆమె ప్రేమతోనే సంఘం వాట్సాప్ గ్రూపులో అమ్మాయి పేరు, జబ్బు పేరు పెట్టి ప్రార్థన మనవి పంపారు. ఇక ఒకటే ఫోన్లు. విశ్వాసం తక్కువై ఇలా అయిందని ఒకరు, మాత్రలు మానేసి ఉపవాసం ఉండమని ఒకరు. అమ్మాయి గుడికి రానంటోంది.
— ఒక తల్లి, నిజామాబాద్

జవాబు: అమ్మా, మొదట ఒక మాట. డాక్టరు చెప్పకుండా ఒక్క మాత్ర కూడా ఆపవద్దు. ఏలీయా ప్రవక్త కర్మెలు కొండ మీద గొప్ప విజయం చూసిన వెంటనే బదరీవృక్షం కింద కూర్చొని చావు కోరుకున్నాడు. దేవుడు అతనికి విశ్వాసం తక్కువైందని దూత చేత గద్దింపు పంపలేదు. నిద్రపోనిచ్చాడు, లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. శరీరానికి కావలసినవి జరిగాకే దేవుని కొండ హోరేబుకు ప్రయాణం. మీ జిల్లాలోనే డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠురోగుల కోసం ఆసుపత్రి నడిపారు. ఊరు వెలివేసినవారికి ఆమె ప్రార్థనతోపాటు మందు కూడా ఇచ్చారు. ఒకటి చేస్తే రెండోది అనవసరమని ఆమె అనుకోలేదు. ఒకనాడు కుష్ఠు మీద ఉన్న నింద ఇప్పుడు మనసు జబ్బుల మీద పడుతోంది, సంఘం దాన్ని మోసుకు తిరగకూడదు.

జబ్బు వివరం రోగి సొత్తు. ఆమె అనుమతి లేకుండా తల్లి అయినా, సంఘ కాపరి అయినా దాన్ని పంచకూడదు. "ఒక సహోదరి కోసం ప్రార్థించండి" అంటే చాలు. ఎవరి కోసమో దేవునికి తెలుసు. పాస్టరమ్మగారిని కలిసి, ఆ సందేశం తీసివేయమని, అమ్మాయికి స్వయంగా క్షమాపణ చెప్పమని అడగండి. నిజమైన ప్రేమ ఉన్న మనిషి అయితే ఆమె దీనికి నొచ్చుకోరు. గుడికి రమ్మని ప్రస్తుతానికి బలవంతం చేయవద్దు. ఆమెకు ఇష్టమైన స్నేహితురాలొకతె ఇంటికి వచ్చి, బోధ చేయకుండా, టీ తాగి వెళితే అదీ సహవాసమే. రాత్రివేళ పరిస్థితి బరువనిపిస్తే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ప్రాణానికి ప్రమాదమనిపిస్తే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ప్రశ్న: నాకు ఎనభై దాటాయి. మోకాళ్లు సహకరించక ఆదివారం ఆరాధన యూట్యూబులో చూస్తున్నాను. బెంగళూరులో ఉన్న మా మనవడూ మంచం మీద పడుకొని అలాగే చూస్తాడు. ఇది ఆరాధనేనా?
— ఒక అమ్మమ్మ, తెనాలి

జవాబు: మీది ఆరాధనే అమ్మా, సందేహం పెట్టుకోకండి. మీ మనవడు రాత్రి షిఫ్టు చేసి వచ్చి ఉంటే ఆ ఒక్క ఆదివారానికి నేనేమీ అనను. కాళ్లున్నవాడు ఎప్పుడూ మంచం మీదనే ఉంటే మాత్రం, సమాజముగా కూడుట మానవద్దని హెబ్రీ పత్రిక చెప్పిన మాట అతనికి మీరే గుర్తుచేయండి. పక్కన కూర్చున్నవాడి దగ్గును భరించడం, ముసలివారికి కుర్చీ వేయడం, కొత్తగా వచ్చినవారికి పాటల పుస్తకం తీసి చూపడం తెరమీద కుదరవు.

తెర మీకు ఇవ్వలేనిది ప్రభు రాత్రి భోజన సంస్కారం. దాన్ని ఇంటికి తెచ్చి ఇవ్వడం కాపరి విధి, మీరు అడగడం భారం మోపడం కాదు. అలాగే సంఘంలో కారున్న కుటుంబాన్ని నెలకొకసారి మిమ్మల్ని గుడికి తీసుకువెళ్లమని అడగండి. ఎవరినీ అడగలేని స్వభావం మీదని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. మీరు అడగకపోతే వారికి తెలియదు. ఈ ఆదివారం లోపే మీ మనవడి చేత కాపరిగారికి ఫోన్ చేయించండి.