ఎన్‌ఓసీ ఉందన్నాడా? ఏ ఎన్‌ఓసీ అని అడగండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సెకండ్ హ్యాండ్ బళ్ళ గురించే. ఒడిశాలో మన వైపు ఊళ్ళు బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ అన్నిటి నుంచీ ఒకటే ప్రశ్న, ఫోన్లో బండి చూశాం కొనొచ్చా అని. అన్నిటికీ రాయలేను గాబట్టి నాలుగు తీసుకున్నాను, మిగతావాళ్ళ జవాబు కూడా వీటిలోనే ఎక్కడో ఉంటుంది చూసుకోండి.

ప్రశ్న (గుణుపురం నుంచి ఒక డిగ్రీ కుర్రాడు): అన్నా, ఆన్‌లైన్‌లో 2021 మోడల్ బుల్లెట్ 60 వేలకే పెట్టాడు. ఆర్మీలో చేస్తాడంట, విశాఖపట్నం నుంచి కశ్మీర్ ట్రాన్స్‌ఫర్ అయిందంట, అందుకే బేగి అమ్మేస్తున్నాడంట. ఐడీ కార్డు, యూనిఫాం ఫోటో, క్యాంటీన్ కార్డు అన్నీ వాట్సాప్‌లో పంపాడు. బండి ఆర్మీ పార్సిల్లో మా ఇంటికే వచ్చేస్తుంది, ముందు 3,150 రవాణా చార్జీ కట్టమంటున్నాడు. కట్టేద్దామా?

జవాబు: కట్టకు తమ్ముడూ. ఈ నాటకం ఏళ్ళ తరబడి ఆడుతున్నారు, ఊరు పేరు మారుతుందంతే. 3,150 కట్టావనుకో, రేపు గేట్ పాస్ అంటాడు, ఎల్లుండి జీఎస్టీ అంటాడు, ఆ తర్వాత బండి పార్వతీపురం దాకా వచ్చేసింది డ్రైవర్‌కి డిపాజిట్ కట్టు, అది మళ్ళీ వెనక్కొచ్చేస్తుంది అంటాడు, నువ్వు ముందు పోసిన డబ్బు పోతుందేమోనని ఇంకా పోస్తూనే ఉంటావు. ఆ కార్డు నిజమైనదే అయ్యుండొచ్చు, కానీ అందులో ఉన్న జవాను, నీతో మాట్లాడేవాడు ఒకడు కాదు. మనకు సైనికుడంటే గౌరవం కదా, వాడి పెట్టుబడంతా అదే.

నువ్వు చెయ్యాల్సింది ఒకటే, విశాఖలో మా బావ ఉన్నాడు, రేపొచ్చి బండి చూసి డబ్బు చేతికిస్తాడు అను. బావ లేకపోయినా అను. వాడు ఏ సాకు చెప్తాడో నాకు రాయి, నవ్వుకుందాం. ఇంకోటి, డబ్బు మనకి రావాలంటే యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు, పిన్ కొట్టామంటే మన ఖాతాలోంచి పోతున్నట్టే, క్యూఆర్ స్కాన్ చేస్తే కట్టిన అడ్వాన్స్ వెనక్కొస్తుంది అన్నాడంటే అప్పుడే బ్లాక్ చెయ్యి. ఒకవేళ ఈపాటికే పంపేశావా, సిగ్గుపడి కూర్చోకుండా 1930కి ఫోన్ చెయ్యి, గంటల్లో చేస్తే డబ్బు ఏదో ఒక ఖాతాలో ఆగే అవకాశం ఉంటుంది, వారం పోయాక చేస్తే కష్టం.

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి): గురువుగారూ, శ్రీకాకుళం జిల్లా పాతపట్నంలో ఒకాయన 125 సీసీ బండి ఆన్‌లైన్‌లో పెట్టారు. ఏపీ 30 నంబరు, 2018 మోడల్, 38 వేలు. మన దగ్గర అదే బండి 45కి తక్కువ లేదు. మనిషి మంచివాడిలాగే ఉన్నాడు, ఎన్‌ఓసీ కూడా ఉందన్నాడు. కాగితాలు, బండి ఎలగ చూసుకోవాలో చెప్పండి.

జవాబు: మనిషి మంచివాడే కావచ్చు, నేను కాదనను. కానీ ఎన్‌ఓసీ ఉంది అన్న మాట దగ్గర ఆగండి. మన బోర్డర్‌లో ఈ ఒక్క మాట మీదే ఎంతోమంది బోల్తా పడ్డారు. ఎన్‌ఓసీలు రెండు. ఒకటి ఫైనాన్స్ వాళ్ళిచ్చేది, అప్పు తీరిపోయింది మాకేం అభ్యంతరం లేదు అని. రెండోది ఆర్టీవో ఆఫీసు వాళ్ళిచ్చేది, ఫారం 28, ఈ బండి వేరే చోటికి పోవచ్చు, దీని మీద బకాయిలు లేవు అని. అమ్మేవాడు చాలాసార్లు మొదటిది చూపించి ఎన్‌ఓసీ ఉంది అంటాడు, అబద్ధం కూడా కాదు పాపం, ఆయనకీ తేడా తెలీదు. మీకు రెండూ కావాలి. బండి ఫైనాన్స్‌లో కొన్నదైతే బ్యాంకు కాగితంతో పాటు ఫారం 35 కూడా పెట్టి సీ బుక్ (ఆర్‌సీ) మీద ఆ ఫైనాన్స్ పేరు తీయించాలి. ఆ ఎన్‌ఓసీ మీద ఏ ఆర్టీవోకి పోతోందో రాసి ఉంటుంది, మీ పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా అని ఉండాలి, బరంపురం అనో ఇంకోటో ఉంటే మళ్ళీ తిరుగుడే.

ఇక మీరు అనుకుంటున్న 7 వేల లాభం సంగతి. ఏపీ బండి మన దగ్గర 12 నెలలు దాటి ఉంచుకుంటే ఇక్కడి నంబరు వేయించుకోవాల్సిందే, చట్టం అలా ఉంది. మీరు కొంటే గజపతి జిల్లా నంబరు ఓడీ 20 తీసుకోవాలి, దానికి ఒడిశాలో రోడ్డు ట్యాక్స్ మళ్ళీ కట్టాలి, బండి వయసును బట్టి తగ్గించి లెక్క కడతారు. అక్కడ కట్టిన దాంట్లో మిగిలిన కాలానికి రీఫండ్ అడగొచ్చు గానీ అది చేతికొచ్చేసరికి టైర్లు అరిగిపోతాయి. ఏజెంటు ఖర్చు, శ్రీకాకుళం రెండు మూడు ట్రిప్పులు కలపండి, ఆ 7 వేలలో ఏం మిగిలిందో చూడండి. కాబట్టి బేరం ఆడేటప్పుడు 38 దగ్గర మొదలుపెట్టొద్దు, 30 దగ్గర మొదలుపెట్టండి. మా వీధిలోనే ఏపీ నంబర్లు ఆరేడేళ్ళుగా తిరుగుతున్నాయి కదా అంటారేమో, తిరుగుతున్నాయి, చెకింగ్ పెట్టిన రోజు అవే బళ్ళు సందుల్లోంచి పోతున్నాయి కూడా.

వెళ్ళే ముందు ఇంట్లో కూర్చుని ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టండి. ఓనరు పేరు మధ్యలో చుక్కలు పెట్టి చూపిస్తుంది, అయినా మొదటి అక్షరం అయినా కలవాలి కదా. ఎన్నో ఓనరు, ఫైనాన్స్ ఉందా లేదా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా అన్నీ తెలుస్తాయి. చలాన్లు వేరేగా చూడండి, ఆంధ్రా పోలీసుల సైట్‌లో ఒకసారి, పరివాహన్ ఈ-చలాన్‌లో ఒకసారి. దొంగ బండేమో అన్న అనుమానం ఉంటే ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) వాళ్ళ వాహన్ సమన్వయ్‌లో కూడా వెతకొచ్చు. దొంగ బండి కొన్నామని తెలిస్తే బండీ పోతుంది డబ్బూ పోతుంది, పైగా తెలిసే కొన్నావని కేసు పెడితే స్టేషన్ చుట్టూ తిరగాలి.

బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్ళండి, చెప్పిన టైం కంటే అరగంట ముందు. వెళ్ళగానే కబుర్లు చెప్పకుండా ఇంజిన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందంటే మీరొస్తున్నారని ముందే స్టార్ట్ చేసి ఉంచాడన్నమాట, చల్లారేదాకా కూర్చోండి, టీ తాగండి, పర్లేదు. చల్లటి ఇంజిన్ ఎన్ని కిక్కులకి అందుకుంటుందో అదే అసలు సంగతి. ఎవరినైనా రేజ్ చెయ్యమని మీరు సైలెన్సర్ వెనక నిలబడండి, నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోంది, ఇంజిన్ బోరుకొచ్చినట్టే, అంటే లోపల అరిగి పెద్ద రిపేరుకొచ్చినట్టే.

తర్వాత ఛాసిస్ నంబరు, హ్యాండిల్ కింద మెడ దగ్గర ఉంటుంది, గుడ్డతో తుడిచి పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి, చిన్నప్పుడు రూపాయి బిళ్ళ అచ్చు తీసేవాళ్ళం చూడండి అలాగ. 17 అంకెలు అక్షరాలు వస్తాయి, సీ బుక్‌తో ఒక్కొక్కటీ కలపండి. ఆ 17లో ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అక్షరాలు ఉండవు, ఒకటీ సున్నాలతో కలిసిపోతాయని వాడరు, అలాంటివి కనబడినా, చుట్టూ గ్రైండర్ గీతలు, కొత్త పెయింట్ ఉన్నా అక్కడి నుంచే నమస్కారం పెట్టి వచ్చేయండి. ఇంజిన్ నంబరు కూడా అంతే.

డబుల్ స్టాండ్ వేసి ముందు చక్రం గాల్లో ఉండేలా చేసి హ్యాండిల్ మెల్లగా అటూ ఇటూ తిప్పండి, మధ్యలో ఎక్కడో గాడిలో పడ్డట్టు ఆగిందా, కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు, పోయింది. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2318 అంటే 2018లో 23వ వారం తయారైంది అని, బండి 2018ది టైర్లు 2018వే అంటే గీతలు ఎంత బాగున్నా మార్చాల్సినవే. మీ వైపు ఇంకోటి చూడాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లాలోనూ శ్రీకాకుళంలోనూ ఎన్ని బళ్ళు బురదలో మునిగాయో మీకు నేను చెప్పాలా. కడిగి, పాలిష్ పెట్టి, చేతులు మార్చేశారు. సీటు తీసి ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూలల్లో, ట్యాంకు కింద వైరింగ్ మీద టార్చి వేయండి, ఎర్రటి ఒండ్రు పొడిలా అంటుకుని ఉంటే అది ఎన్నేళ్ళైనా పోదు.

కాగితాలు ఖాళీగా ఉన్నవి తీసుకోవద్దు. బండి అమ్మానని చెప్పే ఫారం 29 రెండు కాపీలు, పేరు మార్చమని అడిగే ఫారం 30, అన్నీ మీ ముందే నింపి సీ బుక్‌లో పేరున్న మనిషే సంతకం పెట్టాలి, బావమరిది కాదు. నాకెలా తెలుసంటే, చాలా ఏళ్ళ కిందట నేనే కొన్నాను ఒకటి, ఓఆర్ 07 నంబరు, బరంపురంలో పాత బళ్ళు అమ్మే ఒక కన్సల్టెన్సీలో, ఖాళీ ఫారాల మీద సంతకాలున్నాయి చాలు కదా అనుకున్నాను. మార్పించడానికి వెళ్తే సంతకం కలవట్లేదు ఓనర్ని తీసుకురా అన్నారు, అడ్రస్ పట్టుకుని భంజనగర్ దగ్గర ఊరికి వెళ్తే ఇంటి ముందు దండ వేసిన ఫోటో. ఆయన పోయి రెండేళ్ళైంది. అలాంటప్పుడు వారసులు ముందు ఫారం 31తో తమ పేరు మీదకి తెచ్చుకోవాలి, ఆ ఇంట్లో అన్నదమ్ములకి మాటల్లేవు. బండి మా పెరట్లో టార్పాలిన్ కింద ఎనిమిది నెలలుంది, చివరికి పార్ట్‌లకి పోయింది.

స్టాంపు కాగితం రాయించుకుంటే అది ఒడియాలో ఉందో తెలుగులో ఉందో చూసుకోండి, చదవడం రాని లిపి మీద సంతకం పెట్టకండి, ఎవరితోనైనా చదివించుకోండి. డబ్బులో కొంత ఎన్‌ఓసీ చేతికొచ్చాకే ఇస్తానని అందులోనే రాయించండి, కనీసం ఎనిమిది పదివేలు ఆపండి, మంచి మనిషైతే ఒప్పుకుంటాడు. కొన్న 30 రోజుల్లో మీరు ఆర్టీవోకి చెప్పుకోవాలి, ఇన్సూరెన్స్ కంపెనీకి 14 రోజుల్లో. ఆయన నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది మనిషిది, బండిది కాదు.

ప్రశ్న (రాయగడ): మీటర్ 19 వేల కిలోమీటర్లే చూపిస్తోంది, నమ్మొచ్చా?

జవాబు: మీటర్ని కాదు, బ్రేక్ పెడల్ని చూడండి. 19 వేలకి మామూలుగా పెడల్ మీద గీతలు నున్నగా అరిగిపోవు, ఫుట్‌రెస్ట్ రబ్బరు చిరగదు, చైన్ స్ప్రాకెట్ పళ్ళు కొడవలిలా వంగవు. సర్వీస్ సెంటర్లో నంబరు చెప్తే చివరిసారి ఎన్ని కిలోమీటర్లకి వచ్చిందో చాలాచోట్ల చెప్తారు. మీ వైపు ఘాట్‌లు ఎక్కీ దిగీ క్లచ్ ప్లేట్లు ముందే పోతాయి, ఎక్కుడు మీద రెండో మనిషిని ఎక్కించుకుని నడిపి చూడండి.

ప్రశ్న (బరంపురం నుంచి ఒక టీచరమ్మ): నాలుగేళ్ళ కిందట నా స్కూటీ ఆన్‌లైన్‌లో పెడితే ఒక షాపు ఆయన వచ్చి కొన్నాడు, ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని అంతా మేం చూసుకుంటాం మేడం అన్నాడు. ఇప్పుడు ఆ బండి ఎవరినో గుద్దిందని స్టేషన్ నుంచి ఫోన్. నాకేం సంబంధం?

జవాబు: అమ్మా, సంబంధం ఉంది, అదే బాధ. సీ బుక్‌లో పేరు మీదే ఉంటే చట్టం లెక్కలో ఓనరు మీరే. 2018లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది, అమ్మేశాను అన్నా సరే రిజిస్టరైన పేరు ఎవరిదో నష్టపరిహారం బాధ్యత వాళ్ళదే అని. నడిపినందుకు కేసు నడిపినవాడి మీదే ఉంటుంది, భయపడకండి, కానీ గుద్దించుకున్నవాళ్ళు ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కి వెళ్తే నోటీసు మీకొస్తుంది. ఆ రోజు ఇన్సూరెన్స్ నడుస్తోందా లేదా అన్నది ముందు కనుక్కోండి, నడుస్తుంటే చాలావరకు కంపెనీ చూసుకుంటుంది. నోటీసు వస్తే పక్కన పడేయకుండా లాయర్ దగ్గరికి వెళ్ళండి.

స్టేషన్‌కి మాత్రం ఫోన్లో కాదు, వెళ్ళి రాసివ్వండి, ఫలానా తేదీన ఫలానా షాపుకి అమ్మాను అని, రాసిచ్చినదాని మీద స్టాంపు వేయించుకున్న కాపీ మీ దగ్గర ఉంచుకోండి. బండి ఎవరు నడిపారో చెప్పమని ఓనర్ని అడిగే హక్కు వాళ్ళకుంది, తెలీదని ఊరుకుంటే మీకే ఇబ్బంది. అమ్మిన రోజు బ్యాంకులో పడిన డబ్బు ఎంట్రీ తీయండి, అప్పటి వాట్సాప్ మెసేజీలు డిలీట్ చేయకండి. ఆలస్యమైనా ఫారం 29 ఇప్పుడైనా ఛత్రపూర్ ఆర్టీవోలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఇవన్నీ పట్టుకుని మీ వారినో తమ్ముణ్ణో తోడు తీసుకుని ఆ షాపుకి వెళ్ళండి, ఆ బండి మూడు చేతులు మారిపోయింది మేడం నాకేటి తెలుసు అంటాడు చూడండి, ఆ మూడు చేతుల పేర్లూ ఫోన్ నంబర్లూ అక్కడే కాగితం మీద రాయించి కింద అతని సంతకం తీసుకుని రండి.