ఆరు డబ్బాల ఫోటోలు పంపావు, ఏడోది మర్చిపోయావు

చిరంజీవి పద్మకు, మావయ్య దీవెనలు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ఆరు కంపెనీలు, ఆరు ఇంజన్ ఆయిల్ డబ్బాలు, అన్నిటి మీదా 'ఫుల్లీ సింథటిక్' అని బంగారు రంగు అక్షరాలే. వీటిలో బెస్ట్ ఏది మావయ్యా అని అడిగావు. అసలు పంపాల్సిన ఏడో ఫోటో నీ కారు మాన్యువల్లో చివర ఉండే స్పెసిఫికేషన్ల పేజీ. సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి ఆ పుస్తకం నీ చేతికి వచ్చి ఉండదు. మనవడి చేత ఫోన్‌లో వెతికించి నేనే చూశాను. నీ ఇంజన్‌కి 5డబ్ల్యూ-30 గ్రేడ్ (ఆయిల్ చిక్కదనం చెప్పే అంకెలు), నాణ్యతకి ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ముద్ర ఎస్‌ఎన్ లేదా అంతకన్నా పైది. నీ ప్రశ్నకు ముప్పాతిక జవాబు ఇదే. మిగిలిన పావు వంతు కోసమే ఈ ఉత్తరం.

అక్కడ హైదరాబాద్‌లో మెకానిక్ నీతో ఏమన్నాడో నాకు తెలుసు. "మేడమ్, మన ఎండలకి పల్చటి ఆయిల్ ఆగదు, 20డబ్ల్యూ-50 పోద్దాం" అని ఉంటాడు. నన్నడిగితే అతని తప్పేం లేదు, నేనూ ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లు అదే మాట చెప్పాను. అంబాసిడర్లు, పద్మినీలు వచ్చే రోజుల్లో అది నిజం కూడా. ఆ ఇంజన్లలో భాగాల మధ్య సందులు ఎక్కువ, చిక్కటి ఆయిలే నిలిచేది.

నా కళ్లు తెరిపించింది ఒక డాక్టరుగారి పెట్రోల్ కారు. అప్పటికి కొత్త మోడల్, వాల్వుల టైమింగ్‌ని ఆయిల్ ప్రెషర్‌తో మార్చుకునే రకం. మే నెల, బెజవాడ నిప్పుల కొలిమిలా ఉంది. ఆయన మీద అభిమానంతో 20డబ్ల్యూ-50 పోసి పంపాను. నాలుగు రోజులకే ఆయన వెనక్కి వచ్చారు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే కాసేపు టకటకమని చప్పుడు, మైలేజీ పడిపోయింది, పైగా ఇంజన్ లైటు వెలుగుతోంది. సెన్సర్ అనుకున్నాను, వైరింగ్ అనుకున్నాను, రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. చివరికి పుస్తకంలో రాసిన ఆయిల్ నా ఖర్చుతో పోస్తే చప్పుడూ పోయింది, లైటూ ఆరింది.

ఆ తర్వాత కూర్చుని లెక్క చూసుకున్నాను. బయట ఎండ 45 డిగ్రీలున్నా, సిమ్లాలో మంచు పడుతున్నా, వేడెక్కిన ఇంజన్‌లో నీటిని థర్మోస్టాట్ 90 డిగ్రీల దగ్గర్లోనే ఉంచుతుంది. లోపల ఆయిల్ 100 డిగ్రీల చుట్టుపక్కల తిరుగుతుంది. డబ్బా మీద రెండో అంకె, అంటే 30, ఆ 100 డిగ్రీల దగ్గర చిక్కదనానికి గుర్తు. డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె చలిలో ఎంత పల్చగా ఉంటుందో చెబుతుంది. 5డబ్ల్యూ అంటే మైనస్ 30 డిగ్రీల్లో కూడా ఇంజన్‌ని తిరగనిస్తుందని. మనకు మైనస్ 30తో పనేంటి అంటావు. అసలు కిటుకు అక్కడే ఉంది. 30 గ్రేడ్ ఆయిల్ 100 డిగ్రీల దగ్గర కంటే 40 డిగ్రీల దగ్గర ఐదారు రెట్లు చిక్కగా ఉంటుంది. అంటే మన నడి వేసవి పొద్దున కూడా ఇంజన్ దృష్టిలో 'చలే'. అరుగుదల ఎక్కువ జరిగేది ఆయిల్ ఇంకా వేడెక్కని ఆ మొదటి నిమిషాల్లోనే. ఆయిల్ ఎంత తొందరగా పైకి పాకితే అంత మంచిది. సింథటిక్‌కి ఎక్కువ డబ్బు పెట్టడంలో సగం అర్థం ఇదే. మిగతా సగం, వేడికి తొందరగా విరిగిపోయి జిడ్డు కట్టకుండా ఉండటం.

'సింథటిక్' అన్న మాటను మాత్రం మరీ నెత్తిన పెట్టుకోకు. ముడి చమురును గట్టిగా శుద్ధి చేసి తయారుచేసిన గ్రూప్ 3 నూనెనీ అలాగే పిలుస్తారు, రసాయనికంగా కట్టిన గ్రూప్ 4 నూనెనీ అలాగే పిలుస్తారు. 1999లో అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ దీని మీదే పోట్లాడుకుంటే, అక్కడి ప్రకటనల వివాదాలు తేల్చే సంస్థ గ్రూప్ 3ని కూడా సింథటిక్ అనవచ్చని తేల్చింది. అందుకే ముందువైపు బంగారు అక్షరాలు వదిలేసి డబ్బాని వెనక్కి తిప్పు. చిన్న అక్షరాల్లో గ్రేడ్, ఏపీఐ అక్షరాలు ఉంటాయి. ఎస్ అంటే పెట్రోల్, పక్క అక్షరం ముందుకు వెళ్లేకొద్దీ కొత్తది. నీది టర్బో పెట్రోల్ కాబట్టి ఎస్‌ఎన్ చాలన్నా నేను ఎస్‌పీ ఉన్నదే తీసుకోమంటాను. పెద్ద గేర్‌లో నెమ్మదిగా వెళ్తూ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ అదిమావనుకో, చిన్న టర్బో ఇంజన్లలో స్పార్క్ రాకముందే పెట్రోల్ అంటుకుని పిస్టన్ దెబ్బతినే జబ్బు ఒకటుంది. దాన్ని తగ్గించే పరీక్ష పాసైన ఆయిళ్లకే 2020లో వచ్చిన ఎస్‌పీ ముద్ర ఇస్తారు. గ్రేడ్, ఏపీఐ అక్షరాలు రెండూ సరిపోయాయా, ఆ ఆరు కంపెనీల్లో ఏదైనా ఒకటే. కంపెనీ పేరు మీద నిద్ర పాడుచేసుకోకు.

బావగారి డీజిల్‌కి మాత్రం నీ ఆయిల్ పోయొద్దని చెప్పు. ఆయనది బీఎస్-6 బండి, పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. దానికి బూడిద తక్కువ వదిలే ఆయిలే కావాలి. ఆయన మాన్యువల్లో ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) సీ2 అనో సీ3 అనో ఉంటుంది, అచ్చంగా అదే ఉండాలి. పోసిన వారానికే నల్లబడిందని ఆయన గొడవ చేస్తారు చూడు. డీజిల్లో నల్లబడితేనే మసిని పట్టుకుంటున్నట్టు.

ఇక నకిలీ సంగతి. నా షెడ్డుకి వారానికోసారి పాత సామాన్లవాడు వచ్చేవాడు. విరిగిన ప్లాస్టిక్‌కి ఒక రేటు, గీతల్లేని ఆయిల్ డబ్బా మూతతో సహా ఇస్తే వేరే రేటు. తుక్కుకి ఇంత ముద్దేంటో నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఓ రోజు నేను అమ్మిన డబ్బానే, పక్కన నా స్క్రూడ్రైవర్ గీత ఉన్నదే, కస్టమర్ కొత్తదని తెచ్చి చేతికిచ్చాడు. వాసన చూస్తే కాలిన ఆయిల్‌ని వడగట్టిందని తెలిసిపోయింది. అప్పటినుంచి ఖాళీ డబ్బాకి మేకుతో నాలుగు చిల్లులు పొడవనిదే బయటికి వదల్లేదు. నువ్వూ అంతే చెయ్యి. కొనేటప్పుడు బిల్లు తీసుకో, మూత కింది రింగు తెగలేదని, డబ్బా మీద బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చెరిపి రాసినట్టు లేవని చూడు. షెడ్డులో నీ ఎదురుగానే మూత తీయమను. డ్రమ్ములోంచి లూజుగా పోస్తానంటే తలూపకు.

పోసే రోజు ఫిల్టర్ తప్పకుండా మార్పించు. పాత ఆయిల్ కిందికి వదిలే డ్రెయిన్ బోల్టుకి ఉండే వాషర్ కూడా కొత్తది వేయించు. పాతదే వేసి, కారుతోందని బోల్టుని బలంకొద్దీ బిగిస్తే ఆయిల్ ఉండే అల్యూమినియం చాంబర్ మర పోతుంది, ఆ ఖర్చు నీకు దండగ. ఎన్ని లీటర్లో మాన్యువల్లో ఉంది, ఫిల్టర్‌తో కలిపిన లెక్క చూడు. ఇంకో పావు లీటరు పోస్తే మంచిదే కదా అంటాడు మెకానిక్, ఒప్పుకోకు. ఎక్కువైతే ఇంజన్ అడుగున తిరిగే క్రాంక్ ఇరుసు దాన్ని మజ్జిగ చిలికినట్టు చిలికి నురగ చేస్తుంది. చదునైన చోట బండి ఆపి, ఐదు నిమిషాలాగి, డిప్‌స్టిక్ తుడిచి మళ్లీ ముంచి చూడు. పై గీత దాటకూడదు. ఇంజన్ లోపల కడిగే ఫ్లష్, పైన కలిపే చిన్న సీసాల మందులు ఏవీ వద్దు.

20 వేల కిలోమీటర్లు వస్తుందన్న ప్రకటనలు నమ్మకు. మాన్యువల్ 10 వేలు లేదా ఏడాది అంటోంది. కానీ నల్లగండ్ల నుంచి గచ్చిబౌలికి ఆ ట్రాఫిక్‌లో ఫస్టు, సెకండు గేర్లలో పాకుతూ వెళ్తావు. ఆయిల్ బాగా వేడెక్కేలోపే ఆఫీసు వచ్చేస్తుంది, అందులో కలిసిన తడీ పెట్రోలూ ఆవిరయ్యే సందే ఉండదు. ఏడు వేలకే మార్పించు.

డబ్బాలో కొంత మిగులుతుంది. తమ్ముడి బైక్‌లో పొయ్యనివ్వకు, కార్ ఆయిల్‌తో దాని క్లచ్ జారుతుంది. మూత బిగించి డిక్కీలో ఓ మూల పెట్టుకో, మధ్యలో లెవెల్ తగ్గితే పనికొస్తుంది.

కొనే ముందు డబ్బా వెనకవైపు ఫోటో తీసి పంపు. మధ్యాహ్నం రెండింటికి పంపితే మాత్రం జవాబు నాలుగు దాటాకే, అత్తయ్య నా ఫోన్ దాచేసి పడుకోబెడుతోంది.

మీ మావయ్య