టెక్ సందేహాలు: చక్రాల మీది నల్లపొడి షాంపూకు ఎందుకు లొంగదు?

ప్రశ్న: మా కారుకు అల్లాయ్ వీల్స్. వారం వారం షాంపూతో కడిగినా ముందు చక్రాల మీద గోధుమరంగు చుక్కలు అలాగే ఉంటున్నాయి. బాత్రూమ్ యాసిడ్‌లో నీళ్లు కలిపి రుద్దితే పోతాయని వాషింగ్ సెంటర్లో అన్నారు. వాడొచ్చా? – ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: వద్దు. ఆ యాసిడ్ చుక్క షాబాద్ బండ మీద పడితే ఎలా పొంగుతుందో మీరు చూసే ఉంటారు. రిమ్ మీద రాయి తగిలి పెచ్చు లేచిన ప్రతిచోటా అది లోపలి అల్యూమినియం దాకా పోతుంది. కొన్నాళ్లకు పైనున్న లక్క పూత కింద తెల్లటి గీతలు పాకుతాయి. అవి కడిగితే పోవు, రిమ్‌కు మళ్లీ రంగు వేయించాల్సిందే.

మీరు చూస్తున్నవి మట్టి మరకలు కావు. బ్రేక్ డిస్క్ పోత ఇనుము. బ్రేక్ నొక్కినప్పుడు దాన్ని పట్టుకునే ప్యాడ్ ఒరుసుకున్నప్పుడల్లా సన్నటి ఇనుప రజను, ప్యాడ్ పొడి వేడిగా ఎగిరి రిమ్‌కు అతుక్కుంటాయి. తేమ తగలగానే ఆ రజను తుప్పు పడుతుంది. షాంపూ జిడ్డును, దుమ్మును వదిలిస్తుంది గానీ తుప్పును కరిగించలేదు. బ్రేక్ భారం ఎక్కువగా ముందు చక్రాల మీదే పడుతుంది. పైగా చాలా కార్లకు వెనక డ్రమ్ బ్రేకులు, వాటి పొడి చాలావరకు లోపలే ఉండిపోతుంది. ముందువే నల్లబడేది అందుకే.

దీనికి ఐరన్ రిమూవర్, అంటే అతుక్కున్న ఇనుప రజనును కరిగించే ద్రవం, కొనండి. సీసా మీద ‘పీహెచ్ న్యూట్రల్’ (ఆమ్లమూ క్షారమూ కానిది) అని, అల్లాయ్‌కు పనికొస్తుందని ఉండాలి. రిమ్ మీద అరచేయి ఆనించి చూడండి. వెచ్చగా తగిలితే ఆగండి. మన ఎండలకు తెల్లవారుజామునో, పొద్దుగూకాకో నీడలో చేయడమే మేలు. మొదట నీళ్లు గట్టిగా కొట్టి ఇసుక వదిలించాలి. ఆ తర్వాత షాంపూ నీళ్లతో మెత్తటి బ్రష్. చక్రాలకు బకెట్, గుడ్డ వేరుగా పెట్టుకోండి. అదే గుడ్డ బాడీకి వాడితే ఇనుప రజను రంగును గీకేస్తుంది.

కడిగాక నీళ్లు విదిలించి, ఒక్కో చక్రానికి రిమూవర్ చల్లండి. ఊచల వెనక, నట్ల గుంతల్లో తడవాలి. మూడు నాలుగు నిమిషాల్లో ఊదారంగు కారుతుంది, అంటే ఇనుముతో కలుస్తోందన్న మాట. కుళ్లిన గుడ్ల వాసన మామూలే. చేతికి గ్లవ్స్ వేసుకోండి, గాలి ఆడేచోట చేయండి, యాసిడ్‌తో మాత్రం ఎన్నడూ కలపకండి, విషవాయువు వస్తుంది. ఆరిపోకముందే బ్రష్ తిప్పి బాగా కడిగేయాలి. మొండి చుక్కలుంటే ఎక్కువసేపు నాననివ్వకుండా రెండోసారి చల్లండి.

పూర్తిగా ఆరాక వీల్ సీలెంట్, అంటే రిమ్‌కు కాపుగా ఉండే పూత, పలచగా పూసి తుడవండి. సిరామిక్ పూత ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ ముందు రిమ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, సీసా మీద చెప్పినంతసేపు నీళ్లు తగలకూడదు. ఏది వేసినా పొడి పడడం ఆగదు, అతుక్కోవడం తగ్గుతుంది. సీలెంటైనా, టైర్ పాలిషైనా డిస్క్ మీద పడితే బ్రేక్ జారుతుంది. అందుకే స్ప్రే నేరుగా కొట్టకుండా గుడ్డకు పట్టించి పూయండి. పని అయ్యాక నెమ్మదిగా కొంతదూరం నడిపి రెండు మూడుసార్లు బ్రేక్ నొక్కితే డిస్క్ ఆరుతుంది. దాని మీద కనిపించే లేత తుప్పు అప్పుడే పోతుంది.

ప్రశ్న: ఆర్వో ఫిల్టర్ వదిలే నీళ్లు వృథా ఎందుకని కారుకు వాడుతున్నాను. రిమ్ముల మీద తెల్లమచ్చలు వస్తున్నాయి. – మిర్యాలగూడ

జవాబు: ఫిల్టర్ వదిలేసిన లవణాలన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి. బోరు నీళ్లే గట్టివి, ఇవి ఇంకా గట్టివి. కాల్షియం, మెగ్నీషియం అక్కడే ఎండి మచ్చ కడుతుంది. ఆ నీళ్లు బండలు కడగడానికి వాడుకోండి. ఆఖరి కడుగుకు కృష్ణా నల్లా నీళ్లు మంచివి. బోరు నీళ్లే దిక్కయితే ఆరనివ్వకుండా మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచేయండి. ఉన్న మచ్చలకు తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి, గుడ్డతో అద్ది ఒక నిమిషంలో కడిగేయండి. లక్క పూత లేని పాలిష్ రిమ్ములకు ఇది పనికిరాదు.

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారుకు ఈ గోల ఉండదా? – జడ్చర్ల

జవాబు: చాలా తక్కువ. వేగం తగ్గించే పని ఎక్కువగా మోటారే చేస్తుంది. అయితే బ్రేక్ వాడకం తగ్గి డిస్క్ తుప్పు పట్టొచ్చు. అప్పుడప్పుడు రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు బ్రేక్ కాస్త గట్టిగా వేయండి.

ప్రశ్న: ఎడమ ముందు చక్రం ఒక్కటే కుడిదానికంటే బాగా నల్లబడుతోంది. – మహబూబ్‌నగర్

జవాబు: ఇది కడగడంతో పోయేది కాదు. ప్యాడ్‌ను డిస్క్‌కు నొక్కే కాలిపర్ అక్కడ బిగుసుకుని ప్యాడ్ ఎప్పుడూ డిస్క్‌కు ఒరుసుకుంటూ ఉండొచ్చు. ఓ ఇరవై నిమిషాలు తిరిగి వచ్చాక రెండు రిమ్ముల దగ్గరా చేయి పెట్టి చూడండి, తాకకండి. వేడిలో తేడా తెలిస్తే, బండి ఒక పక్కకు లాగుతుంటే మెకానిక్‌కు చూపించండి. కాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నులు శుభ్రం చేయించి, బ్రేకుల కోసమే అమ్మే సిలికాన్ గ్రీజు పెట్టించండి. మామూలు గ్రీజుకు పిన్ను రబ్బరు తొడుగులు ఉబ్బి మళ్లీ బిగుసుకుంటాయి.