భయపెట్టడం కన్నా దారి చూపడమే ఎక్కువ పనిచేసింది

పోస్టర్లు, టీవీ ప్రకటనలు, ఇంటింటి ప్రచారం, పన్నులు, చట్టాలు, వీటిలో ప్రజల ఆరోగ్యపు అలవాట్లను నిజంగా మార్చేది ఏది అని మీరు అడిగారు. ఆరోగ్య కార్యకర్తగా కొన్నేళ్లు టీకా ప్రచారాల్లో పనిచేసిన అనుభవంతో జవాబు రాస్తున్నాను.

మొదట్లో మేము జబ్బు ముదిరితే మనిషి ఏమవుతాడో చూపే బొమ్మలున్న కరపత్రాలు పంచి, సభల్లో గంటసేపు మాట్లాడేవాళ్లం. అందరూ శ్రద్ధగా వినేవారు, కొందరు కళ్లు తుడుచుకునేవారు, అయినా టీకా వేసే రోజున వచ్చేవారు కొద్దిమందే. రానివారి ఇళ్లకు వెళ్లి కారణం అడిగితే, టీకా మీద నమ్మకం లేదన్నవారు చాలా అరుదు. పనికి సెలవు దొరకలేదనీ, ఎక్కడికి వెళ్లాలో తెలియలేదనీ, చంటిబిడ్డను చూసుకునేవారు లేరనీ చెప్పారు. అవి విన్నాక నాకు మా ప్రచారం మీదే బాధ కలిగింది, ఎందుకంటే మేము వారి కష్టాన్ని అడగకుండానే వారికి అవగాహన లేదని తీర్మానించుకున్నాం. అప్పటినుంచి తేదీ, వేళ, చోటు రాసిన చీటీ ఇచ్చి, ఏ రోజు ఎన్ని గంటలకు వస్తారో వారి చేతే రాయించి, ముందురోజు ఫోన్ చేసి గుర్తుచేయడం మొదలుపెట్టాం. వచ్చేవారు స్పష్టంగా పెరిగారు.

ఇది మా ఒక్కరి అనుభవం కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ విద్యార్థులపై హోవర్డ్ లెవెంతాల్ బృందం 1965లో ప్రచురించిన అధ్యయనంలో, ధనుర్వాతం గురించి హెచ్చరిక మాత్రమే చదివినవారిలో 100కి సుమారు 3 మంది టీకా వేయించుకున్నారు. అదే హెచ్చరికతోపాటు ఆరోగ్య కేంద్రానికి దారి చూపే మ్యాప్ ఇచ్చి, ఎప్పుడు వెళ్లాలో ముందే ఆలోచించుకోమని చెప్పినవారిలో దాదాపు 28 మంది వెళ్లారు. భయం ఎక్కువ కలిగించారా తక్కువ కలిగించారా అన్నది ఈ సంఖ్యలను పెద్దగా మార్చలేదు.

ప్రకటనలకు ఎంత డబ్బు పోసినా చాలదనడానికి, యువత మత్తుమందుల జోలికి వెళ్లకుండా అమెరికా ప్రభుత్వం 1998 నుంచి 2004 వరకు దాదాపు 100 కోట్ల డాలర్లతో నడిపిన ప్రచారం ఉదాహరణ. దానివల్ల మేలు జరిగిన ఆధారం మూల్యాంకనంలో దొరకలేదు.

దీనికి భిన్నంగా, ఫిన్లాండ్‌లోని ఉత్తర కరేలియాలో 1972లో గుండెజబ్బులపై మొదలైన కార్యక్రమం మాటలతో ఆగలేదు. మహిళా సంఘాలతో కలిసి కొవ్వు తక్కువ వంటలు చేసి చూపించారు, పాల ఉత్పత్తిదారులతో, ఆహార తయారీదారులతో మాట్లాడి మార్కెట్లో దొరికే సరుకులనే మార్చారు. దశాబ్దాల కాలంలో పనిచేసే వయసు పురుషుల్లో గుండెజబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. ఆ తగ్గుదల అంతా ఈ కార్యక్రమం వల్లనే అనలేం, చికిత్స కూడా మెరుగైంది. పొగాకు విషయంలో మాత్రం పన్ను పెంచడమే అన్నిటికన్నా గట్టి సాధనం.

మీరు ప్రచారం మొదలుపెట్టబోతున్నట్లయితే, పోస్టర్లు అచ్చువేయించే ముందు, మీరు ప్రజలచేత చేయించాలనుకుంటున్న పనిని ఇప్పుడు చేయని పదిమంది దగ్గరికి వెళ్లి అడ్డు ఏమిటో అడగండి. వారు చెప్పే అడ్డును తీయడానికే మొదటి డబ్బు ఖర్చుపెట్టండి.